పందులలో నట్టల మందుల ప్రయోగశాల పరీక్షలు: నిరూపణకు ఉన్న అర్థం, పరిమితులు

వ్యాససంగ్రహం: జానపద వైద్యంపై వెలువడే తెలుగు పరిశోధనల్లో 'ఈ మూలిక కడుపులోని పురుగులను చంపుతుందని ఆధునిక పరిశోధనలో రుజువైంది' అనే తరహా వాక్యం తరచు కనిపిస్తుంది. ఆ రుజువు ఏ పురుగుపై, ఏ పద్ధతిలో జరిగింది, అది ఎంతవరకు చెల్లుతుంది అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగా వినిపిస్తాయి. పందుల పేగుల్లోని నట్టలపై మందులను పరీక్షించే విధానాలను ఆధారంగా చేసుకొని, ప్రయోగశాల ఫలితాన్ని ఎలా చదవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: నట్టలు, ఏలికపాములు, ఔషధ నిరోధకత, జానపద వైద్యం, క్రిమిహరాలు, పరీక్షా పద్ధతులు.

1. ప్రవేశిక

కడుపులోని పురుగులకు తెలుగులో పేర్లు చాలానే ఉన్నాయి. గొర్రెలు, మేకలు, పశువుల పేగుల్లో ఉండేవాటిని రైతులు నట్టలంటారు. పశుసంవర్ధక శాఖ కూడా ఆ మాటనే స్వీకరించి 'నట్టల నివారణ మందు' అని వ్యవహరిస్తోంది. మనుషుల కడుపులో ఉండేవి ఏలికపాములు, నులిపురుగులు, కొంకిపురుగులు, బద్దెపురుగులు. ఏటా ఫిబ్రవరి 10న పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర మింగించే జాతీయ కార్యక్రమాన్ని తెలుగులో నులిపురుగుల పేరుతోనే పిలుస్తున్నారు. నిజానికి ఆ కార్యక్రమం ప్రధానంగా ఉద్దేశించింది మట్టి ద్వారా సంక్రమించే ఏలికపాములు, కొరడాపురుగులు, కొంకిపురుగులను. సన్నని దారపు ముక్కలా ఉండే అసలు నులిపురుగు ఆ లెక్కలో లేదు. వాడుకలో ఇటువంటి సర్దుబాటు సహజమే. మందు పనితీరును పరీక్షించే చోట మాత్రం పురుగు పేరు మారితే ఫలితమే మారిపోతుంది. ఒక పురుగును ఒక్క మోతాదుతో తుడిచిపెట్టే మందు, అదే జంతువు పేగులో మరికొంత దిగువన ఉన్న వేరొక పురుగును దాదాపు తాకకుండా వదిలేయవచ్చు.

జానపద వైద్యం, గృహవైద్యం, స్థానిక వృక్షసంపదల మీద సిద్ధాంతగ్రంథాలు రాసేవారికి ఇది పక్క విషయం కాదు. వాయువిడంగాలు, మోదుగ గింజలు, వేప, వాము వంటివాటిని క్రిమిహరాలుగా నమోదు చేసిన తరువాత, ఆ సమాచారానికి బలం చేకూర్చడానికి ఏదో ఒక ప్రయోగశాల వ్యాసాన్ని ఉటంకించి 'శాస్త్రీయంగా నిరూపితమైంది' అని ముగించడం పరిపాటి అవుతోంది. ఆ మాటకు ఉన్న విలువ తెలియాలంటే, ఇటువంటి పరీక్షలు ఎక్కువగా పరిణతి చెందిన ఒక రంగాన్ని దగ్గరగా చూడాలి. పందుల నట్టలపై జరిగిన పరిశోధన అటువంటి రంగం.

2. పంది ఎందుకు?

పంది పేగులోని పెద్ద ఏలికపాము శాస్త్రీయనామం ఆస్కారిస్ సూమ్. మనిషిలోని ఆస్కారిస్ లుంబ్రికాయిడిస్‌కు ఇది ఎంత దగ్గరిదంటే, రూపాన్ని బట్టి ఈ రెండింటినీ వేరు చేయడం నిపుణులకు కూడా కష్టమే. రెండూ వేర్వేరు జాతులా, ఒకే జాతికి చెందిన రెండు రూపాలా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది. పందిలోని కొరడాపురుగు ట్రైచురిస్ సూయిస్‌కూ, మనిషిలోని కొరడాపురుగుకూ మధ్య కూడా ఇటువంటి సామీప్యమే ఉంది. పైగా పంది మనిషిలాగే అన్నీ తినే జంతువు. దాని జీర్ణవ్యవస్థ ఎలుక కంటే మనిషికి దగ్గరగా పనిచేస్తుంది. అందువల్ల పంది నట్టలపై జరిగే పరీక్ష ఒకవైపు పశువైద్యానికి, మరొకవైపు మానవ వైద్యానికి ఉపకరిస్తుంది.

ఇంకొక కారణం పూర్తిగా ఆచరణకు సంబంధించినది. కబేళాలో కోసిన పందుల పేగుల నుంచి ఏలికపాములు బతికుండగానే లభిస్తాయి. ఆడపురుగు 20 నుంచి 40 సెంటీమీటర్ల పొడవుంటుంది. దాని కండరకణాలు సన్నని గాజు సూదితో విద్యుత్ ప్రవాహాన్ని కొలవడానికి వీలయినంత పెద్దవి. నాడీకణాల సంఖ్య తక్కువ, వాటి అమరిక స్థిరం. రిచర్డ్ గోల్డ్‌ష్మిట్ 1908లోనే ఏలికపాము తలభాగంలోని నాడీకణాలను ఒక్కొక్కటిగా లెక్కించి చిత్రించగలిగాడంటే కారణం ఇదే. నాడులపై, కండరాలపై పనిచేసే నట్టల మందుల గురించి నేడు తెలిసిన దానిలో మంచి భాగం ఈ కబేళా పురుగుల నుంచే వచ్చింది.

ఈ వ్యాసంలో మూడు పురుగులు పదేపదే వస్తాయి. చిన్నపేగులో ఉండే ఏలికపాము మొదటిది. పెద్దపేగులో ఉండే ఈసోఫాగోస్టోమమ్ డెంటాటమ్ రెండవది. సుమారు ఒక సెంటీమీటరు పొడవుండే ఈ పురుగు పిల్లదశలో పేగుగోడలో చిన్నచిన్న బుడిపెలను కలిగిస్తుంది. కనుక దీన్ని ఇక్కడ బుడిపెపురుగు అని పిలుద్దాం. మూడవది, సన్నని ముందుభాగాన్ని పెద్దపేగు పొరలోకి గుచ్చుకొని ఉండే కొరడాపురుగు. మూడూ గుండ్రని పురుగులే, మూడూ పంది పేగులోనే ఉంటాయి. అయినా మూడింటికీ పరీక్ష ఒకటి కాదు.

3. పేడలో గుడ్ల లెక్క

బతికున్న పందిలో ఎన్ని పురుగులున్నాయో చూడలేము కాబట్టి, పేడలో పడే గుడ్లను లెక్కించి అంచనా వేయడం పాత పద్ధతి. గార్డన్, విట్‌లాక్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు 1939లో గొర్రెల కోసం రూపొందించిన మెక్‌మాస్టర్ గది ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. మూడు గ్రాముల పేడను నీటితో కలిపి 45 మిల్లీలీటర్లు చేస్తారు. వడకట్టి, అడుగుకు దిగిన మడ్డిని ఉప్పుతో సంతృప్తమైన ద్రావణంలో కలుపుతారు. గుడ్లు తేలికగా ఉండి పైకి తేలుతాయి. గీతలు గీసిన రెండు గాజు అరల్లో కలిపి 0.3 మిల్లీలీటర్ల ద్రవం పడుతుంది. అందులో కనిపించిన ఒక్కో గుడ్డు, గ్రాము పేడకు 50 గుడ్లతో సమానం.

ఈ చిన్న గుణకారంలోనే మొదటి చిక్కు ఉంది. మందుకు ముందు గ్రాముకు 200 గుడ్లున్నాయని నివేదిక చెబితే, పరిశీలకుడు చూసినవి నాలుగే గుడ్లని అర్థం. మందు తరువాత గుడ్డేదీ కనబడకపోతే మందు నూటికి నూరు శాతం పనిచేసినట్టు, ఒక్కటి కనబడితే 75 శాతమే పనిచేసినట్టు లెక్క తేలుతుంది. ఒక గుడ్డు గీత లోపల పడిందా, వెలుపల పడిందా అన్నదాన్ని బట్టి మందు భవితవ్యం మారకూడదు. అందుకే 1992లో గొర్రెలు మొదలైన జంతువులకు వెలువడిన సూచనలు తగ్గుదల శాతంతో పాటు దాని విశ్వాస అవధులను కూడా చూడాలన్నాయి. 2023లో ప్రపంచ పశుపరాన్నజీవి శాస్త్ర సంఘం వెలువరించిన కొత్త మార్గదర్శకాలు పందులను కూడా చేర్చుకొని, చివరి శాతం కంటే సూక్ష్మదర్శిని కింద వాస్తవంగా లెక్కించిన గుడ్ల సంఖ్య తగినంత ఉండాలని పట్టుబట్టాయి.

రెండవ చిక్కు పందికే ప్రత్యేకం. పంది తోటి పందుల పేడను, పేడ కలిసిన మట్టిని తింటుంది. ఏలికపాము గుడ్డుకు మందపాటి పెంకు ఉంటుంది కాబట్టి, అప్పుడే పడిన గుడ్డు జీర్ణం కాకుండా, పొదగకుండా మళ్ళీ పేడలో బయటపడుతుంది. కడుపులో ఒక్క పురుగు కూడా లేని పంది పేడలో ఈ విధంగా గుడ్లు కనబడటాన్ని డెన్మార్క్ పరిశోధకులు 1997లో వివరించారు. గ్రాముకు 200లోపు ఉన్న లెక్కలను అనుమానంతోనే చూడాలన్నది దాని సారాంశం. మురికి దొడ్డిలో మందు తాగిన పందికి నిజంగానే పురుగులన్నీ పోయినా, పక్క పంది గుడ్లు దాని పేడలో తేలి, మందు విఫలమైనట్టు చూపుతాయి.

మూడవది ఇంకా సూక్ష్మమైనది. పంది మింగిన ఏలికపాము గుడ్ల నుంచి వచ్చిన పిల్లపురుగులు కాలేయం, ఊపిరితిత్తుల మీదుగా ప్రయాణించి మళ్ళీ చిన్నపేగుకు చేరతాయి. సుమారు మూడో వారానికి వాటిలో అధికభాగాన్ని పంది శరీరమే బయటికి నెట్టేస్తుంది. ఆ సమయానికి ఏ మందు ఇచ్చినా, ఏ ఆకు నూరి పోసినా పురుగులు తగ్గినట్టే కనిపిస్తుంది. మందు ఇవ్వని పందుల గుంపును పక్కన పెట్టి పోల్చకపోతే, పంది చేసిన పని మందు ఖాతాలో పడుతుంది.

4. గాజుపాత్రలో పురుగు

జంతువు దేహం వెలుపల, గాజుపాత్రలో లేదా చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో పురుగును, దాని గుడ్డును, పిల్లను మందులో ఉంచి చూసే పరీక్షలను ఇన్ విట్రో పరీక్షలంటారు. ఇవి చవక, వేగవంతం, జంతువును చంపనవసరం లేనివి. ఒకే రోజున ఎన్నో మోతాదులను చూడవచ్చు.

ఏ పరీక్ష ఎంచుకోవాలన్నది మందు పనిచేసే తీరును బట్టి ఉంటుంది. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ వంటి బెంజిమిడజోల్ మందులు పురుగు కణాల్లోని ట్యూబులిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కొని, కణం లోపలి రవాణాను, విభజనను ఆపేస్తాయి. పెరుగుతున్న గుడ్డుపై ఈ దెబ్బ స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి గుడ్డు పొదిగే పరీక్ష వీటికి సరిపోతుంది. లెవామిసోల్, పైరాంటెల్ కండరాన్ని బిగించి పక్షవాతం కలిగిస్తాయి. ఐవర్‌మెక్టిన్, పైపెరజిన్ కండరాన్ని వదులు చేసి కదలిక లేకుండా చేస్తాయి. వీటిని గుడ్డుపై పరీక్షించి ప్రయోజనం తక్కువ. పిల్లపురుగు కదలికను, ఎదుగుదలను చూడాలి.

బుడిపెపురుగు ఇటువంటి పరీక్షలకు అనువైనది. దాని గుడ్లు బయటే పొదుగుతాయి, పిల్లలు వారం రోజుల్లో సంక్రమణ దశకు ఎదుగుతాయి. ఏలికపాము అలా కాదు. దాని గుడ్డు మట్టిలో కొన్ని వారాలు ఉండి, లోపలే పిల్లగా ఎదిగి, పంది కడుపులోకి చేరాకే పొదుగుతుంది. పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నెలల తరబడి నిల్వ ఉంచినా చెక్కుచెదరదు. కనుక ప్రయోగశాలలో ఆ గుడ్లను గాజుపూసలతో కలియబెట్టి, పెంకు పగలగొట్టి పిల్లలను బయటికి తీయాల్సి వస్తుంది. గొర్రె నట్టలకు తయారైన గుడ్డు పరీక్షను మార్పులేకుండా ఏలికపాముకు వర్తింపజేసిన వ్యాసం కనబడితే, పాఠకుడు అక్కడే ఆగి పద్ధతి భాగాన్ని మరొకసారి చదవాలి.

గాజుపాత్ర పరీక్ష సాధించిన గొప్ప విజయం ఔషధ నిరోధకతను అర్థం చేయించడం. ఇక్కడ పరిభాష గురించి ఒక మాట. తెలుగులో 'నిరోధక శక్తి' అంటే రోగాన్ని ఎదుర్కొనే దేహశక్తిగానే పాఠకులు గ్రహిస్తారు. మందును తట్టుకునే పురుగు శక్తికి కూడా అదే పదాన్ని వాడటం వల్ల, ఎవరి నిరోధకత, దేనిపై నిరోధకత అన్నది వాక్యంలో విడిగా చెప్పక తప్పదు. డెన్మార్క్ పందుల్లోని బుడిపెపురుగులు పైరాంటెల్‌కు లొంగడం లేదని 1987లో వెల్లడైంది. తరువాత లెవామిసోల్‌ను తట్టుకునేవి కూడా బయటపడ్డాయి. అటువంటి పురుగులను, మందుకు లొంగే పురుగులను పక్కపక్కన ఉంచి కండరకణాల్లోని ఒక్కొక్క అయాన్ మార్గం తెరుచుకోవడాన్ని కొలిచినప్పుడు, లొంగే పురుగుల్లో నాలుగు రకాల మార్గాలు కనిపించగా, తట్టుకునే పురుగుల్లో వాటిలో ఒక రకం కనిపించలేదు. 1999లో వచ్చిన ఈ ఫలితం, 'మందు పనిచేయడం లేదు' అన్న రైతు ఫిర్యాదును కణంలోని ఒక నిర్దిష్ట మార్పు దాకా తీసుకెళ్ళింది. పేడ పరీక్షతో ఇది ఎన్నటికీ తెలిసేది కాదు.

5. పాత్రకూ పేగుకూ మధ్య దూరం

గాజుపాత్రలో పురుగుకు, మందుకు మధ్య ఏ అడ్డూ లేదు. పందిలో ఉన్న అడ్డంకులు ఎన్నో. మందు కడుపులో ఆమ్లాన్ని తట్టుకోవాలి, పురుగు ఉన్నచోటికి తగిన గాఢతతో చేరాలి, చేరేలోపు రక్తంలోకి పీల్చుకుపోకూడదు, కాలేయంలో మారిపోకూడదు, పురుగు చర్మాన్ని దాటి లోపలికి వెళ్ళాలి, తగినంత సేపు ఉండాలి.

దాల్చినచెక్క ఉదాహరణ ఈ దూరాన్ని బాగా చూపుతుంది. కోపెన్‌హాగన్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ గాజుపాత్రలోని ఏలికపాము పిల్లలపై బలంగా పనిచేసింది. అక్కడితో ఆగి ఉంటే మరో క్రిమిహరం నిరూపితమైనట్టే. వారు దాన్ని పొర కప్పిన గుళికల రూపంలో ఏలికపాములున్న పందులకు రోజూ తినిపించారు. పురుగుల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా రాలేదు. ఆ పదార్థం పేగులో వేగంగా పీల్చుకుపోయి, రూపం మారిపోవడమే ఇందుకు కారణంగా భావించారు. రెండు ఫలితాలనూ ఒకే వ్యాసంలో ప్రకటించడం వారి నిజాయితీ. మొదటి సగాన్ని మాత్రమే ఉటంకించే వీలు పాఠకులకు ఎప్పుడూ ఉంటుంది.

దీనికి విలోమమైన ఉదాహరణ కూడా ఉంది. చికోరీ వేళ్ళలో సమృద్ధిగా ఉండే ఇన్యులిన్ అనే పీచుపదార్థాన్ని బుడిపెపురుగులున్న పందుల మేతలో కలిపినప్పుడు పురుగులు బాగా తగ్గిపోయాయని 2003లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఇన్యులిన్ విషం కాదు. అది పెద్దపేగులో సూక్ష్మజీవుల చేత పులిసి, అక్కడి ఆమ్లతను, వాతావరణాన్ని మార్చి పురుగుకు నిలవనీడ లేకుండా చేస్తుందన్నది పరిశోధకుల వివరణ. ఆ పేగు, ఆ సూక్ష్మజీవులు లేని గాజుపాత్రలో ఇటువంటి ప్రభావం బయటపడే అవకాశమే లేదు. అంటే పాత్రలో గెలిచినది పేగులో ఓడవచ్చు, పాత్రలో పోటీకే రానిది పేగులో గెలవవచ్చు.

కొరడాపురుగు సమస్య మరొక రకం. మనుషుల్లో ఒక్క మోతాదు ఆల్బెండజోల్ ఏలికపాములను చాలావరకు తొలగిస్తుంది గాని కొరడాపురుగులపై దాని ఫలితం స్వల్పం. పంది కొరడాపురుగును, బుడిపెపురుగును ఒకే గాఢత గల మందుల్లో ఉంచి, వాటి దేహాల్లోకి ఎంత మందు చేరిందో 2014లో కొలిచారు. రెండు పురుగులు మందును గ్రహించే తీరులో, దానికి లొంగే తీరులో తేడా స్పష్టంగా కనిపించింది. గాజుపాత్రను ఒక ముగింపుగా కాక, ఒక ప్రశ్నకు పరికరంగా వాడితే ఎంత ఉపకరిస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

6. కోసి లెక్కించే పరీక్ష

మందుకు అనుమతి ఇచ్చే ముందు అడిగే అంతిమ సాక్ష్యం పంది పేగును తెరిచి పురుగులను లెక్కించడమే. పందులను రెండు గుంపులుగా యాదృచ్ఛికంగా విభజిస్తారు. ఒక గుంపుకు మందు ఇస్తారు, రెండవదానికి ఇవ్వరు. నిర్ణీత రోజుల తరువాత రెండు గుంపులనూ కోసి, పేగులోని ప్రతి పురుగునూ లెక్కిస్తారు. ఏ పంది ఏ గుంపుదో లెక్కించేవారికి తెలియకుండా చూస్తారు. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం మందు ఇవ్వని గుంపులో తగినన్ని పురుగులున్న పందులు కనీసం ఆరు ఉండాలి, మందు సామర్థ్యం 90 శాతం లేదా అంతకు మించి ఉండాలి.

90 శాతం అన్న సంఖ్య తిరుగులేనిదిగా వినిపిస్తుంది. ఉదాహరణకు మందు ఇవ్వని ఆరు పందుల్లోనూ ఇరవై చొప్పున పురుగులున్నాయనుకుందాం. మందు ఇచ్చిన ఆరింటిలో అయిదు పందులు పూర్తిగా శుభ్రపడి, ఆరవదానిలో 30 పురుగులు మిగిలాయనుకుందాం. సాధారణ సగటు తీస్తే మందు గుంపు సగటు 5, సామర్థ్యం 75 శాతం. ప్రతి సంఖ్యకు ఒకటి కలిపి గుణోత్తర సగటు తీసి, ఆ ఒకటిని తిరిగి తీసివేస్తే, సగటు 0.77, సామర్థ్యం 96 శాతం. అవే పందులు, అవే పురుగులు. ఒక లెక్కలో మందు తప్పింది, మరో లెక్కలో నెగ్గింది. పురుగులు మందలో సమానంగా పంచుకొని ఉండవు, కొద్ది జంతువుల్లోనే గుంపుగా ఉంటాయి. ఆ సహజ వైషమ్యాన్ని సర్దడానికే మార్గదర్శకాలు గుణోత్తర సగటును అనుమతించాయి. కాని ఆ ఆరవ పంది రైతుకు ముఖ్యం. అందులో మిగిలిన ఆడపురుగు ఒక్కొక్కటీ రోజుకు లక్షకు పైగా గుడ్లను దొడ్డిలో వదులుతుంది.

పందిమాంసం ద్వారా సంక్రమించే బద్దెపురుగు విషయంలో పై పద్ధతుల్లో చాలావరకు పనికిరావు. టీనియా సోలియమ్ పెద్దపురుగుగా ఉండేది మనిషి పేగులో, పందిలో ఉండేది కండరాల్లో తిత్తిగా ఉన్న పిల్లదశ. పంది పేడలో దాని గుడ్లు ఉండవు. కిలో బరువుకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఒక్క మోతాదు ఆక్స్‌ఫెండజోల్ ఆ తిత్తులపై పనిచేస్తుందని పెరూలో 1990లలో తేలినది మాంసాన్ని కోసి తిత్తుల స్థితిని పరిశీలించాకే.

7. ఏలికపాము, వానపాము

మన దేశంలోని ఔషధశాస్త్ర కళాశాలల నుంచి మూలికల క్రిమిహర గుణంపై వెలువడే వ్యాసాల్లో చాలావాటిలో పంది పురుగు గాని, మనిషి పురుగు గాని ఉండదు. ఉండేది వానపాము. ఫెరెటిమా పోస్టుమా అన్న పాత పేరుతో వ్యాసాల్లో కనిపించే ఈ వానపామును ఇప్పుడు మెటాఫైరె ప్రజాతిలో చేర్చారు. మూలిక సారాన్ని మిల్లీలీటరుకు 25, 50, 100 మిల్లీగ్రాముల గాఢతతో పళ్ళెంలో పోసి, అందులో వానపాములను వేసి, అవి కదలిక మానడానికి, చావడానికి పట్టిన నిమిషాలను నమోదు చేస్తారు. పక్క పళ్ళెంలో ఆల్బెండజోల్‌ను గాని, పైపెరజిన్‌ను గాని ప్రమాణంగా ఉంచుతారు. మనిషి పేగులోని గుండ్రని పురుగుకు వానపాముతో నిర్మాణసామ్యం ఉందన్నది వీటిలో చెప్పే సమర్థన.

తెలుగు భాష ఈ రెండింటినీ 'పాము' అన్న ఒక్క మాట కింద చేర్చింది. ఆకారాన్ని బట్టి పెట్టిన పేర్లలో అది సబబే. జీవశాస్త్రంలో మాత్రం వానపాము దేహం వలయాలుగా విభజితమైన అనెలిడా వర్గానికి, ఏలికపాము నెమటోడా వర్గానికి చెందుతాయి. వానపాము తడి చర్మంతో శ్వాసిస్తుంది. ఆ చర్మాన్ని మండించే ఏ పదార్థమైనా, అతి ఉప్పదనమైనా, సారంలో మిగిలిన ఆల్కహాల్ అయినా దాన్ని చంపగలవు. ఏలికపాము మాత్రం పేగు రసాల మధ్య, ప్రాణవాయువు బాగా తక్కువగా ఉన్నచోట, దృఢమైన పొర కప్పుకొని బతుకుతుంది.

గాఢతను కూడా చూడాలి. గొర్రె నట్టల్లో నిరోధకతను గుర్తించే గుడ్డు పరీక్షలో థయాబెండజోల్‌కు వాడే హద్దు గాఢత మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము. దానితో పోలిస్తే 50 మిల్లీగ్రాములన్నది అయిదు లక్షల రెట్లు. శుద్ధమైన మందునూ, ముడిసారాన్నీ ఒకే తూకంలో పెట్టడం న్యాయం కాదని అనవచ్చు. నిజమే. అయినా పేగులో అయిదు లీటర్ల ద్రవం ఉన్న జంతువులో ఆ గాఢతను తెప్పించాలంటే 250 గ్రాముల సారం పట్టించాలి.

అన్నిటికంటే విచిత్రమైనది 'ఆల్బెండజోల్ కంటే ఈ మూలిక శక్తిమంతం' అన్న నిర్ధారణ. ఆల్బెండజోల్ నీటిలో దాదాపు కరగదు. కరిగినంత మేరకైనా అది నిమిషాల్లో చంపే మందు కాదు, కణవ్యవస్థను క్రమంగా కుంగదీసే మందు. నిమిషాల పోటీలో దాన్ని నిలబెట్టి ఓడించడం వల్ల మూలిక గురించి తెలిసేది ఏమీ లేదు. ఈ పరీక్షకు ఇంత ఆదరణ ఎందుకంటే జవాబు సులభం. వానపాములు తోటలో దొరుకుతాయి, ఖర్చు లేదు, పందికి గాని గొర్రెకు గాని కావాల్సిన నైతిక అనుమతుల ప్రక్రియ సాధారణంగా దీనికి అవసరపడదు. తొలి వడపోతగా, అనేక మూలికల్లో దేన్ని ముందు చూడాలో తేల్చుకోవడానికి కొంత పనికివస్తుందేమో గాని, జానపద వైద్యానికి శాస్త్రీయ నిరూపణగా దీన్ని ఉటంకించడం ఆ వైద్యానికే అన్యాయం. తేలికపాటి రుజువుతో తృప్తిపడటం వల్ల అసలు పరీక్ష జరగకుండా పోతుంది.

మొక్కల్లో నిజమైన నట్టల మందులు లేవని దీని అర్థం కాదు. ఆర్టిమీసియా జాతి మొక్కల నుంచి తీసిన శాంటోనిన్‌ను ఏలికపాములకు వైద్యులు దశాబ్దాల పాటు వాడారు. దుష్ఫలితాల వల్ల, మెరుగైన మందులు రావడం వల్ల అది వెనుకబడింది. చరకసంహిత ఇరవై రకాల క్రిములను పేర్కొని, క్రిమిహరాల్లో విడంగానికి అగ్రస్థానమిచ్చింది. అటువంటి దీర్ఘకాలిక అనుభవం ఉన్న ద్రవ్యానికి వానపాము సాక్ష్యం ఏపాటి?

8. పడిపోవడం, చావడం: క్షేత్రసేకరణకు సంబంధించిన ఒక అంశం

పరీక్షల చరిత్రను చూసినప్పుడు జానపద వైద్య సేకర్తలు తమ నమోదుల్లో వదిలేస్తున్న వివరాలేమిటో తెలుస్తుంది. సాధారణంగా 'ఫలానా గింజల పొడి కడుపులో పురుగులకు మంచిది' అని రాసి ఊరుకుంటారు. ఏ పురుగుకు, పొడి ఎంత, పరగడుపునా భోజనం తరువాతా, ఒక్కసారా వరుసగా కొన్ని రోజులా, తరువాత విరేచనానికి ఆముదం వంటిది ఇస్తారా అన్నవి ప్రయోగశాలకు అత్యవసరమైన సమాచారం. చేదు గింజను బెల్లంతో ఇచ్చి మరునాడు ఆముదం పట్టించే పద్ధతిని, గింజ సారంతో మాత్రమే పరీక్షించి పనిచేయలేదని తేల్చడం కూడా తప్పుడు పరీక్షే అవుతుంది.

వక్తల మాటల్లోని క్రియాపదాలను ఉన్నవి ఉన్నట్టుగా రాసుకోవడం ఇందులో ముఖ్యం. తెలుగులో 'కడుపులో పురుగులు పడ్డాయి' అంటే పురుగులు పుట్టాయని అర్థం. 'పురుగులు పడిపోయాయి' అంటే బయటికి వెళ్ళిపోయాయని అర్థం. 'చచ్చాయి' అన్నది మూడవ మాట. సేకర్త ఈ మూడింటినీ సర్ది 'పురుగులు నశిస్తాయి' అని ప్రామాణిక భాషలో రాస్తే, ఔషధశాస్త్రానికి కావాల్సిన భేదం అక్కడే మాసిపోతుంది. పైపెరజిన్ ఏలికపామును చంపదు. దాని కండరాలను వదులు చేస్తుంది. పేగు గోడను ఆనుకొని ప్రవాహానికి ఎదురు నిలవలేక, పురుగు బతికుండగానే పేగు కదలికతో బయటికి కొట్టుకుపోతుంది. గాజుపాత్రలో అటువంటి మందుకు 'మరణకాలం' కొలిస్తే మందు బలహీనమైనదని తేలుతుంది. 'పడిపోయాయి' అని చెప్పిన ఊరి మనిషి గమనించింది పేగులో జరిగే అసలు ఫలితాన్ని. ఎన్నో రోజున పడ్డాయి, ఎంత పొడవున్నాయి, తెల్లగా గుండ్రంగా ఉన్నాయా చదునుగా బద్దల్లా ఉన్నాయా, కదులుతున్నాయా అన్న నాలుగు ప్రశ్నలను సేకర్త అదనంగా అడిగితే, ఆ నమోదు నుంచి పురుగు వర్గాన్నీ, మందు పనిచేసే తీరునూ పరాన్నజీవి శాస్త్రజ్ఞుడు చాలావరకు ఊహించగలడు, తగిన పరీక్షను ఎంచుకోగలడు.